గడయు గొలుసును

కృష్ణాతీరపు రైతుకుటుంబ మొకటి నిజామాబాదు సీమవారితో వియ్యమందుచున్న దనుకొందము. మాటలు ముగిసి తాంబూలములు పుచ్చుకొను వేళ, "పిల్ల పేరు మీద ఒకటీ ఇరవై రాసినం బావగారూ" అని ఆడపెండ్లివారి పెద్ద చెప్పగా, "సంతోషం బావగారూ, ఎకరం మీద ఇరవై సెంట్లు, బాగానే ఉంది" అని మగపెండ్లివారి పెద్ద తల యూచును. "సెంట్లెక్కడివి బావగారూ, ఇరవై గుంటలు. ఎకరంన్నర" అని మొదటివాడు నవ్వును. కాగితము మీద ఇరువురి మాటయు 1.20 గానే యుండును. అయినను ఒకరి చెవికి అది ఎకరమును దానిలో అయిదవ వంతును, మరియొకరి నోట ఎకరమును దానిలో సగమును. నడుమనున్న భేదము ముప్పది సెంట్లు, అనగా పండ్రెండు గుంటలు, అనగా 1,452 చదరపు గజములు. హైదరాబాదు నగరములో నైనచో ఏడిండ్లు కట్టుకొనదగిన స్థలము.

1931 నాటికి నిజాంసాగరు నిర్మాణము పూర్తియై కాలువలు పారజొచ్చిన కాలమున, కోస్తా జిల్లాలనుండి ఆ నేలలకు తరలివచ్చిన రైతులు తమ వెంట సెంట్లను తెచ్చికొని గుంటలను ఎదుర్కొనిరి. ఎకరము మాత్రము ఇరువురకు నొక్కటియే: 4,840 చదరపు గజములు, లేదా 43,560 చదరపు టడుగులు. దానిని కోస్తావారు నూరు పాళ్ళు చేయగా పాలు 48.4 చదరపు గజముల సెంటైనది; తెలంగాణమువారు నలువది పాళ్ళు చేయగా పాలు 121 చదరపు గజముల గుంటయైనది. రెండున్నర సెంట్లు ఒక గుంట. ఇంతవరకు బడిపిల్లవాడు సైతము చేయగల లెక్క. చిక్కంతయు ఆ చుక్కలో నున్నది: ఒకచోట అది దశాంశ బిందువు, మరియొకచోట ఎకరములను గుంటలను వేరుచేయు గట్టు మాత్రమే, ఆ గట్టు కీవల ముప్పది తొమ్మిది దాటిన అంకె యుండదు.

ఈ రెండు లెక్కలు వేరగుటకు నిజాము రాజ్యమొకటి, ఇంగ్లీషు రాజ్యమొకటి యగుటయే కారణమని సాధారణముగా చెప్పుదురు. అది కొంతవరకు నిజమే కాని, గుంట నడచిన త్రోవ అంత తిన్నని త్రోవ కాదు. 1800 లో నిజాము కుంపిణీవారికి ధారాదత్తము చేసిన మండలములకు ప్రధాన కలెక్టరుగా వచ్చిన థామస్ మన్రో, 1802 లో బళ్ళారి, అనంతపురము, కడప ప్రాంతముల పొలములను కొలిపింప నారంభించినప్పుడు కొలతగాండ్ర కిచ్చిన ఉత్తరువులలో, ముప్పదిమూ డడుగుల గొలుసుతో కొలువవలెననియు, గొలుసు చదరము గుంట యనియు, అట్టి గుంటలు నలువదియైన ఎకరమగుననియు, గుంటను పదునారణాలుగా విభజించి, ఎకరములు గుంటలు అణాలు అను మూటితోనే లెక్కలు వ్రాయవలెననియు విధించెను. 1812 నాటి పార్లమెంటు అయిదవ నివేదికతో పాటు అచ్చుపడిన ఆ ఉత్తరువులను చదువునప్పుడు, మన్రో చేసిన పనిలోని నేర్పు స్పష్టపడును: ఎకరమను పరదేశపు మాటను తల మీద నుంచి, దాని క్రింద రైతు లెరిగిన గుంటను, అణాను నిలిపినాడు. పదునారవ వంతును వీసమని తరతరములుగా లెక్కించిన కరణమునకు ఆ అణా కొత్త దెట్లగును?

ఇచట నొక చిన్నమాట. గుంట యను పేరు గంటరను ఇంగ్లీషు గణితజ్ఞుని పేరునుండి పుట్టినదని కొందరు పట్టుదలతో వాదింతురు. ఎడ్మండు గంటరు 1620 లో అరువదియా రడుగుల, అనగా ఇరువదిరెండు గజముల, నూరు లింకుల గొలుసును రూపొందించిన మాట నిజము. ఆ గొలుసు చదరములు పదియైన ఎకరమగు మాటయు నిజము. మన్రో గొలుసు దానిలో సరిగా సగము గనుక, గంటరు చదరమున నాలుగవ వంతే గుంట యగు మాటయు నిజము. ఇన్ని నిజము లొక్కచోట చేరినను పేరు మాత్రము అతనిది కాదు. కన్నడ తెలుగు సీమలలో ముందే వాడుకలోనున్న మాటను మన్రో తన గొలుసునకు తగిలించినాడంతే. ధ్వనిసామ్యము వ్యుత్పత్తి కాదని మన వైయాకరణులు ఎన్నిమార్లు చెప్పినను, మనము వినుట తక్కువ.

తరువాతి కథయే విచిత్రము. 1858 ప్రాంతమున చెన్నపట్టణపు ప్రభుత్వము రాజధాని (ప్రెసిడెన్సీ) యంతటికిని కొత్తగా సర్వే సెటిల్మెంటులకు పూనుకొని, గంటరు గొలుసును పూర్తిగా స్వీకరించి, వేయి చదరపు లింకులను సెంటుగా వాడుకలోనికి తెచ్చెను. దానితో మన్రో గుంట తాను పుట్టిన దత్తమండలములలోనే సర్కారు లెక్కనుండి తొలగిపోయెను. ఆ గుంటయే ముప్పదిమూ డడుగుల గొలుసుతో సహా బొంబాయి రాజధానిలో నిలిచెను. 1835 లో గోల్డ్‌స్మిడ్, వింగేటు అను నధికారులు ఇందాపురము తాలూకాలో నెలకొల్పిన సెటిల్మెంటు పద్ధతికి అదియే కొలత. మొదటి సాలారుజంగు దివానుగా నున్న కాలమున, 1870 ల తరువాతి భాగములో, హైదరాబాదు రాజ్యము సర్వేకు పూనుకొన్నప్పుడు పొరుగున నున్న ఆ బొంబాయి పద్ధతినే ఆదర్శముగా గైకొనెను. నిజాము వదలుకొన్న సీమలో కుంపిణీవారు నాటిన గుంట, పడమటి కనుమల వరకు తిరిగి, మరల నిజాము రాజ్యమునకే చేరినది. నేడు అనంతపురపు రైతు సెంట్లలో మాటలాడ, మెదకు రైతు గుంటలలో మాటలాడుచున్నాడు. ఒకరి అడంగలును మరియొకరి పహాణీయు, ఒకరి మాగాణి మెట్టలును మరియొకరి తరి ఖుష్కులును వేరయినట్లే ఇదియు వేరయినది.

ఇంతవరకు చెప్పినది గొలుసు కథ. గొలుసునకు పూర్వము గడ యుండెను; గడ కథ ఇంతకంటె చిక్కనిది, ఏలయన గొలుసు పొడవు ఒక్కటి, గడ పొడవు లనేకములు. భాస్కరాచార్యుడు లీలావతిలో పదిమూరల వెదురు ఇరువదిగా నాలుగు భుజములును గల చదరమును నివర్తన మనెను. మూరను పదునెనిమిది అంగుళములుగా గొన్నచో అది మున్నూ రడుగుల చదరము, పదివేల చదరపు గజములు, మన లెక్కకు రెండెకరముల ఆరున్నర సెంట్లు. కౌటిల్యుని నివర్తనము వేరు: పది దండములు రజ్జువు, మూడు రజ్జువులు నివర్తనపు భుజము. అతని దండము సామాన్యముగా నాలుగు మూరలు కాగా నివర్తనము 3,600 చదరపు గజములు, అనగా డెబ్బదినాలుగు సెంట్లు. కాని ఆ అధ్యాయముననే అతడు మరియొక దండమును పేర్కొన్నాడు. బ్రాహ్మణుల కిచ్చు భూమిని, అతిథుల కిచ్చు భూమిని కొలుచుటకు నూట తొంబదిరెండు అంగుళముల దండము. సామాన్య దండమునకు సరిగా రెట్టింపు. భుజము రెట్టింపైన వైశాల్యము నాలుగింతలగును. నివర్తన మన్న పేరు మారదు, అంకె మారదు, చేతిలోని కఱ్ఱ మాత్రము మారును. గ్రహీత మూడెకరములకు కొంచెము తక్కువను అందుకొని యింటికి బోవును. బలిచక్రవర్తి మూడడుగుల నేల ధారవోసినప్పుడు అడుగు ఎవరిదని యడుగకపోయెను గదా. దాన మిచ్చువాడు అంకెను చెప్పును, కొలత పుచ్చుకొనువాని పాదమును బట్టి యుండును.

శాతవాహనుల దానములను నేటి ఎకరములలోనికి దింప జూచువారు ఈ కఱ్ఱల సంగతి మరువరాదు. నాసికము గుహలలోని శాసనము ప్రకారము గౌతమీపుత్ర శాతకర్ణి తన పాలనపు పదునెనిమిదవ యేట త్రిరశ్మి పర్వతముననున్న భిక్షువులకు పశ్చిమ కఖడి గ్రామములో ఇన్నూరు నివర్తనముల క్షేత్ర మిచ్చెను. కౌటిల్యుని సామాన్య దండముతో అది 149 ఎకరములు. లీలావతి వెదురుతో 413 ఎకరములు. బ్రహ్మదేయ దండముతో 595 ఎకరములు. చరిత్ర గ్రంథములలో ఈ దానమునకు ఎకరముల లెక్క చూపబడినప్పుడెల్ల, ఆ గ్రంథకర్త ఏ కఱ్ఱ పట్టినాడో చూచుకొనుట మేలు.

అయితే ఆ గుహలోనే దీని క్రింద మరియొక శాసనము గలదు. నాకు దానిపై మక్కువ యెక్కువ. ఆరేండ్ల తరువాత, ఇరువదినాలుగవ యేట, రాజును రాజమాతయు గోవర్ధనము నందలి అమాత్యునికి పంపిన యాజ్ఞ యది. మునుపు కఖడి గ్రామమున భిక్షువుల కిచ్చిన పొలము దున్నబడుట లేదనియు, ఆ యూరిలో జనులు వసించుట లేదనియు, కావున నగరపు సరిహద్దున నున్న రాచపొలమునుండి నూరు నివర్తనములు వారి కిచ్చుచున్నామనియు దాని సారాంశము. మొదట ఇచ్చినది ఇన్నూరు, బదులుగా ఇచ్చినది నూరు. పుచ్చుకొన్నవారు నష్టపడినట్లు శాసనము చెప్పదు, ఇచ్చినవాడు మిగుల్చుకొన్నట్లును చెప్పదు. దున్నువాడు లేని ఇన్నూరు నివర్తనములకును, ఊరి యంచున నాగలి తిరుగు నూరు నివర్తనములకును నడుమ వారు చేసిన ఈ మార్పిడిని ఏ పట్టికతో సరిచూడగలము? నేల కొలత యన్నది నేల వైశాల్యమునకు మాత్రమే కొలత కాదను భావము మనవారిలో ఎంత ప్రాతదో ఈ చిన్న యాజ్ఞ వలన తెలియుచున్నది.

ఆ భావము పండి ఫలించినది విత్తనపు కొలతలో. తూర్పు చాళుక్యుల తామ్రశాసనములలో, ఇన్ని ఖండికల ఆరికల విత్తనము పట్టు క్షేత్రము అని భూమిని వర్ణించుట గలదు. కొలిచినది నేలను గాదు, గింజలను. నాగార్జునకొండ శాసనములలో ఇక్ష్వాకు శాంతమూలుని లక్ష హలముల దాత యని పొగడినప్పుడు కొలిచినది నాగళ్ళను. పల్లెలలో నిన్నమొన్నటి దాక వినబడిన తూమెడు నేల, కుంచెడు నేల, పుట్టెడు నేల యను మాటలు ఆ పరంపరలోనివే. నాలుగు మానికలు కుంచము, నాలుగు కుంచములు తూము, అయిదు తూములు ఏదుము, పది పందుము, ఇరువది పుట్టి: ధాన్యమునకు ఏ కొలతయో నేలకు నదియే కొలత. గాదెను కొలిచిన పాత్రతోనే పొలమును కొలిచిన ఈ పద్ధతిని మోటుదని తలచిన పరిపాలకు లుండిరి; కాని రైతు కన్నుతో జూచిన, ఏ నేల ఎంత గింజను మ్రింగి ఎంత తిరిగి యిచ్చునన్న ఒక్క ప్రశ్నకే అతని సంసారము వ్రేలాడుచున్నది గనుక, అంతకంటె సూటియైన కొలత మరియొకటి లేదు.

సరిగా ఆ కారణము చేతనే పుట్టెడు నేలకు ఇన్ని యెకరములని వ్రాసెడి పట్టికలను నేను నమ్మజాలను. మొదటిది, పుట్టియే సీమ సీమకు భేదించెడిది. ఒక యూరి కుంచము పొరుగూరి కుంచముతో సరిపడక సంతలో తగవులు పుట్టుట యందరెరిగినదే. రెండవది, పైరు. వరికి ఎకరమునకు గావలసిన విత్తనములో కొద్దిభాగముతోనే జొన్న ఎకరమంతయు విత్తవచ్చును. కావున తూమెడు వరి నేల కంటె తూమెడు జొన్న నేల ఎన్నో రెట్లు పెద్దది. మూడవది, విత్తు తీరు. ఎదజల్లిన వరికి విత్తన మెక్కువ, నారు పోసి నాటిన వరికి తక్కువ. నాలుగవది, నేల గుణము, నీటి వసతి, దున్నువాని యోపిక. ఇన్నింటిని కలిపికొని పలికిన ఒక్క మాటను చదరపు గజములలో పెట్టుమనుట, మనిషి బ్రదుకు ఎట్లున్నదని యడిగినవానికి అతని యెత్తు చెప్పుట వంటిది. మహావీరుని గణితసారసంగ్రహమును తెనిగించిన పావులూరి మల్లన క్షేత్రగణితమునకు పద్యములు కట్టినాడు. చతురస్రమునకు, త్రిభుజమునకు, వృత్తమునకు సూత్రములు గలవు. విత్తన గింజకు సూత్రము లేదు, ఉండుటకును వీలులేదు.

గడతో కొలిచిన నేలలును లేకపోలేదు. మర్తురు లను నేల కొలతలును, కేసరిపాటి గడ మొదలగు పేరుగల గడలును శాసనములలో కనబడును. గడ పేరు చెప్పవలసి వచ్చుటయే గడలు పెక్కు లుండె ననుటకు సాక్ష్యము. రాజరాజనరేంద్రుని కుమారుడైయుండి చోళసింహాసన మెక్కిన కులోత్తుంగుడు 1086 లో తన రాజ్యమును కొలిపించెను. ఆ కొలతలు పన్ను కొరకు. పన్ను కొరకైన కొలతలో గింజకు చోటు తక్కువ.

కొలుచు సాధనమును గూర్చియు ఒక మాట. అక్బరు కాలమున జనుపత్రాటితో పొలములు కొలుచుచు, అది తడిసినప్పుడొక పొడవు, ఎండినప్పుడొక పొడవు అగుట గుర్తించి, ఇనుప కడియములతో కూర్చిన వెదురుకఱ్ఱలను ప్రవేశపెట్టినట్లు అయినీ అక్బరీ వలన తెలియుచున్నది. తెల్లదొరల ఇనుప గొలుసు తడియదు. కాని లింకు లొరసికొని అరిగిన కొలది అదియు సాగును, సాగిన గొలుసుతో కొలిచిన పొలము కాగితము మీద తగ్గి కనబడును. శిస్తు కట్టు నాడు రైతునకు సాగిన గొలుసు ప్రియము. పొలము అమ్ము నాడు బిగువైన గొలుసు ప్రియము.

ఇండ్లస్థలములకు వేరు సంప్రదాయము. రెండు స్తంభముల నడిమి యెడమైన అంకణము ఇంటి కొలతగా మొదలై స్థలపు కొలతయైనది. తిరుపతి ప్రాంతమున అది 36 చదరపు టడుగులు, నెల్లూరున 72. పొరుగు జిల్లాల నడుమ ఒకటికి రెండు! చెన్నపట్టణమున కాపురమున్న తెలుగువారు 2,400 చదరపు టడుగుల గ్రౌండుకు అలవడిరి. హైదరాబాదున గజమే రాజ్యమేలుచున్నది; మొగలుల గజము ఇంచుమించు ముప్పదిమూడు అంగుళములదైనను, నేడు స్థలము లమ్మువారి గజము ముప్పదియారంగుళముల ఇంగ్లీషు గజమే.

1956 నాటి తూనికలు కొలతల చట్టముతో మీటరు వచ్చెను, దాని వెంట హెక్టారు వచ్చెను. హెక్టారునకు 2 ఎకరముల 47 సెంట్లు, గుంటలలో 2 ఎకరముల 19 గుంటలకు రవంత తక్కువ. కార్యాలయపు దస్త్రములలో అది చేరినది కాని నాలుక మీద చేరలేదు. హెక్టారు పొలమున్న దని చెప్పుకొన్న రైతును నేనింతవరకు చూడలేదు. రెండు వందల యేండ్ల క్రిందట ఎకరమును నిలువబెట్టుటకు మన్రో దాని క్రింద గుంటను పెట్టినట్లు, హెక్టారు క్రింద మన మాట యొకటి పెట్టవలెనని ఎవరికిని తోచలేదు. పండితు లెందరో పరిభాషలు కల్పించిన కాలముననే ఇట్లు జరిగినందుకు ఆశ్చర్యపడవలసి యున్నది.

హెక్టారు చట్టములలో నెంత స్థిరపడినను, పాత ప్రశ్న దానిని విడువలేదు. 1973 నాటి ఆంధ్రప్రదేశ్ భూసంస్కరణల చట్టము కమతముల పరిమితిని నిర్ణయింపబూని, ఒక్క అంకెతో పని తీరదని గ్రహించి, ప్రామాణిక కమత మను పేర, నేల తరమును బట్టి మాగాణి పది ఎకరములనుండి ఇరువదియేడు ఎకరముల వరకును, మెట్ట ముప్పదియైదు ఎకరములనుండి ఏబదినాలుగు ఎకరముల వరకును గల ఒక సోపానమును కట్టెను. హెక్టారులలో అది 4.05 మొదలుకొని 21.85 వరకు. మిక్కిలి సారమైన మాగాణి పదెకరములును, మిక్కిలి నిస్సారమైన మెట్ట ఏబదినాలుగెకరములును ఆ చట్టము దృష్టిలో సమానము. త్రిరశ్మి పర్వతపు భిక్షువులకు ఇన్నూటికి బదులు నూరిచ్చు నాజ్ఞను పొందిన యమాత్యుడు ఆ పట్టికను చూచిన, దశాంశములను జూచి తెల్లబోయినను, అందలి న్యాయమును వెంటనే గుర్తించియుండును. సెటిల్మెంటు దస్త్రములలో విస్తీర్ణపు గడి ప్రక్కనే తరమునకొక గడి యుండుటకును, బొంబాయి పద్ధతిలో నేల సారమును సైతము అణాలలో లెక్కించి మేలైన నేలను పదునారణాల నేల యనుటకును కారణ మిదియే. పుట్టి యను ఒక్క మాట మోసిన బరువును రెండు గడులకు పంచినారు.

1984 లో కరణముల పదవులు రద్దయి కవిలెకట్టలు చేతులు మారిన పిదప, పాత కొలతల పేరులు చాలవరకు వారితోనే పోయినవి. నేడు ఉపగ్రహముల సాయమున అంగుళములతో సహా హద్దులు గుర్తించు పరికరములు పొలములకు వచ్చుచున్నవి. అయినను విస్తీర్ణమునకును హద్దులకును పొత్తు కుదరనప్పుడు న్యాయస్థానములు సాధారణముగా హద్దులనే మన్నించును. తూర్పు చాళుక్యుల శాసనములలోను సంస్కృతము నడుమ దేశిమాటలు తొంగిచూచునది ఆ హద్దులు చెప్పుచోటనే, పుట్టయో చింతయో చెరువో పేరుతో పిలువవలసి వచ్చినప్పుడే. అందుచేతనే రిజిస్ట్రారు కచేరి యెదుట చెట్టు క్రింద కూర్చున్న దస్తావేజు లేఖరి, హెక్టారులును ఎకరములును సెంట్లును మూడు గడులలో నింపి, ఆ మూడింటికిని పొత్తు కుదిరినదో లేదో చూడక, క్రింది పంక్తిలో తూర్పు, దక్షిణము, పడమర, ఉత్తరము అని నాలుగు మాటలు వ్రాసికొని, కళ్ళద్దముల మీదుగా తలయెత్తి యడుగును: "తూర్పున ఎవరి గట్టండీ?"